క్రీట్ ద్వీప యాత్ర: పల్లెసీమ, చరిత్ర, సముద్రతీరం మూడింటినీ కలిపి చూసే పద్ధతి

గ్రీస్ దేశానికి దక్షిణపు కొసన, తూర్పు పడమరలుగా దాదాపు 260 కిలోమీటర్ల పొడవున సాగిన ద్వీపం క్రీట్. మధ్యధరా సముద్రంలో సిసిలీ, సార్డీనియా, సైప్రస్, కోర్సికాల తరువాత పెద్దది ఇదే. ఇక్కడికి వెళ్లేవారిలో ఎక్కువమంది నాలుగైదు బీచ్‌ల పేర్లు, పురాతన ప్రాసాదమైన నాసోస్ శిథిలాల పేరు ఒక్కటి రాసుకుని బయలుదేరతారు. ఉత్తర తీరంలోని ఒక హోటల్లో వారం రోజులు దిగి, ప్రతి ఉదయం ఎక్కడికో పరుగెత్తి, ప్రతి సాయంత్రం అలసిపోయి తిరిగి వస్తారు. నా మొదటి యాత్ర కూడా అలాగే గడిచింది. ఈ ద్వీపంలో పల్లెలు, చరిత్ర, సముద్రం వేర్వేరు చోట్ల లేవని, ఒకే దారి వెంట ఒకదాని తరువాత ఒకటి ఎదురవుతాయని రెండవసారి వెళ్లినప్పుడు గాని నాకు అర్థం కాలేదు. చూడవలసిన స్థలాల జాబితాతో మొదలుపెట్టకుండా, దారులను ఎంచుకోవడంతో యాత్రను ఎలా రూపొందించుకోవాలో ఇక్కడ దశలవారీగా వివరిస్తున్నాను.

మొదటి దశ: పటం ముందు పెట్టుకుని కొండలను గుర్తించడం

క్రీట్ పొడవుకు తగ్గ వెడల్పు ఉన్నది కాదు. విశాలమైన చోట సుమారు 60 కిలోమీటర్లు, తూర్పున ఇయరాపెత్రా దగ్గర కేవలం 12 కిలోమీటర్లు ఉంటుంది. పటంలో చూస్తే ఉత్తర తీరం నుండి దక్షిణ తీరానికి గంటలో చేరుకోవచ్చుననిపిస్తుంది. అయితే ఈ రెండు తీరాల మధ్య మూడు పెద్ద పర్వత శ్రేణులు నిలబడి ఉన్నాయి. పడమట లెఫ్కా ఓరీ, అంటే తెల్లకొండలు, మధ్యలో 2,456 మీటర్ల ఎత్తున్న సిలోరీతిస్, తూర్పున దిక్తీ. వేసవి మొదలయ్యే వరకు తెల్లకొండల శిఖరాల మీద మంచు కనిపిస్తూనే ఉంటుంది. అందువల్ల ఇక్కడ దూరాన్ని కిలోమీటర్లలో కాక గంటల్లో లెక్క కట్టుకోవాలి. హానియా పట్టణం నుండి నైరుతి కొసన ఉన్న ఎలఫోనీసీ తీరం 75 కిలోమీటర్లే అయినా, మలుపుల దారిలో గంటన్నరకు పైగా పడుతుంది.

పెద్ద పట్టణాలన్నీ ఉత్తర తీరంలోనే ఉన్నాయి. పడమట నుండి తూర్పుకు హానియా, రెతిమ్నో, ఇరాక్లియో, ఆయియోస్ నికోలావోస్, సితియా అనే క్రమాన్ని గుర్తుంచుకుంటే పటం సగం వచ్చేసినట్టే. వీటిని కలిపే ఉత్తర రహదారి ద్వీపానికి వెన్నెముక వంటిది. దక్షిణ తీరం పూర్తిగా వేరు. అక్కడ కొండలు నేరుగా సముద్రంలోకి దిగిపోతాయి గనుక లూత్రో వంటి ఊళ్లకు నేటికీ మోటారు రోడ్డు లేదు, పడవలోనైనా కాలినడకనైనా చేరవలసిందే. కనుక యాత్రను ఉత్తరం నుండి దక్షిణానికి దాటే అడ్డదారులుగా విభజించుకోండి. ఒక్కొక్క అడ్డదారికి ఒక్కొక్క రోజు కేటాయించండి. ఒకే రోజున రెండు దారులు పెట్టుకోకండి.

రెండవ దశ: కాలాన్ని ఎంచుకోవడం

మీకు మూడూ కావాలంటే రెండు అనువైన కాలాలున్నాయి. ఏప్రిల్ చివరి నుండి జూన్ మొదటి వారం వరకు కొండవాలులన్నీ అడవిపూలతో నిండి, నడకకు హాయిగా ఉంటుంది. సముద్రం మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది. సెప్టెంబర్ మధ్య నుండి అక్టోబర్ చివరి వరకు నేల ఎండి పసుపు రంగుకు తిరిగినా, వేసవి అంతా వేడెక్కిన నీరు ఈతకు ఎంతో అనుకూలంగా ఉంటుంది. పల్లెల్లో ద్రాక్ష పిప్పి నుండి సారా కాచే పని అక్టోబర్, నవంబర్‌లలోనే జరుగుతుంది. నన్ను అడిగితే అక్టోబర్ మొదటి సగాన్నే చెబుతాను.

జులై, ఆగస్టు నెలల్లో ఎండ తీవ్రత మనవారికి కొత్త కాదు. ఇబ్బంది ఎండ కన్నా జనసమ్మర్దంతోనూ, మెల్తేమీ అనే ఉత్తరపు గాలితోనూ ఎక్కువ. ఆ గాలి లేచిన రోజున ఉత్తర తీరంలో అలలు ఎగసిపడతాయి, కొన్ని పడవ ప్రయాణాలు రద్దవుతాయి. నవంబర్ నుండి మార్చి వరకు దక్షిణ తీరంలోని హోటళ్లు చాలావరకు మూసివేస్తారు, సమరియా లోయను కూడా మూసి ఉంచుతారు. శీతాకాలంలో పట్టణాలు, మ్యూజియాలు చూడవచ్చు గాని ఈ మార్గదర్శిలో చెప్పే యాత్ర కుదరదు.

మూడవ దశ: వీసా, రాకపోకలు

ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో గ్రీస్ ఒకటి గనుక భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా తప్పనిసరి. ప్రయాణ తేదీకి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు అందజేయాలి. వేసవి యాత్రకైతే వీసా కేంద్రాల్లో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టమవుతుంది గనుక మూడు నెలల ముందే మొదలుపెట్టడం మంచిది. పెద్దలకు రుసుము 2024 జూన్ నుండి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులను భరించే ప్రయాణ బీమా జత చేయాలి. అమెరికాలో ఉద్యోగ వీసాతోనో గ్రీన్ కార్డుతోనో ఉంటున్న తెలుగువారు కూడా భారతీయ పాస్‌పోర్టు మీదే ప్రయాణిస్తున్నట్లయితే ఈ వీసా తీసుకోవలసిందే. అమెరికా వీసా ఉంటే సరిపోతుందనుకుని టికెట్లు కొన్న తరువాత ఇబ్బంది పడినవారిని నేను ఎరుగుదును. ఒకే యాత్రలో ఇతర షెంగెన్ దేశాలు కూడా చూస్తుంటే, ఎక్కువ రోజులు ఎక్కడ గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి.

ఏథెన్స్ నుండి ఇరాక్లియోకు గాని హానియాకు గాని విమానంలో గంటలోపే చేరుకోవచ్చు. సమయం ఉన్నవారికి నేను ఓడ ప్రయాణాన్ని సూచిస్తాను. ఏథెన్స్ రేవైన పిరేయస్‌లో రాత్రి ఎక్కి, చిన్న గదిలో నిద్రపోయి, తెల్లవారేసరికి క్రీట్‌లో దిగవచ్చు. ఒక రాత్రి హోటల్ ఖర్చు కూడా కలిసివస్తుంది. ఇరాక్లియోలో దిగి హానియా నుండి తిరుగు ప్రయాణం పెట్టుకుంటే, వచ్చిన దారినే వెనక్కు వెళ్లవలసిన పని ఉండదు.

నాలుగవ దశ: బసలు తక్కువ, రాత్రులు ఎక్కువ

పది రోజుల యాత్రకు మూడు బసలు చాలు. ఇరాక్లియోలో గాని, దానికి దక్షిణాన ద్రాక్షతోటల మధ్య ఉన్న అర్హానెస్ అనే ఊరిలో గాని మూడు రాత్రులు. రెతిమ్నోలో గాని, కొండల్లోని స్పీలీ గ్రామంలో గాని మూడు రాత్రులు. హానియా పాత పట్టణంలో నాలుగు రాత్రులు. రెండు వారాలున్నవారు వీటికి ముందు తూర్పున సితియా ప్రాంతంలో మూడు నాలుగు రాత్రులు చేర్చుకోవచ్చు. తూర్పు కొస మిగతా ద్వీపం కన్నా పొడిగా, నిశ్శబ్దంగా ఉంటుంది.

ఈ మూడు బసలలో కనీసం ఒకటి పల్లెలో ఉండేలా చూసుకోండి. ఉదయం ఏడు గంటలకు కాఫీ దుకాణం ముందు కుర్చీలు సర్దే చప్పుడు, మేకల మెడగంటల మోత, ఎదురింటి అవ్వ గుమ్మం ముందు నీళ్లు చల్లడం వంటివి పట్టణపు హోటల్ నుండి చూడలేరు. స్పీలీ ఊరి నడుమ వరుసగా సింహపు తలల నోళ్ల నుండి కొండ ఊటనీరు ధారలుగా పడే తొట్టి ఉంది. ఎండాకాలపు మధ్యాహ్నం ఆ నీటిలో చేయి పెడితే మంచు తాకినట్టుంటుంది. ఊరివారు సీసాలు తెచ్చి అక్కడే పట్టుకుపోతుంటారు.

గదికి చెల్లించే ధర కాక, రాత్రికి ఇంత అని ప్రభుత్వ రుసుము ఒకటి బస చేసే చోట విడిగా వసూలు చేస్తారు. ఆన్‌లైన్‌లో చూపిన ధరలో అది కలిసి ఉందో లేదో ముందే చూసుకోండి. చాలా ఇళ్లలో మురుగు గొట్టాలు సన్నగా ఉంటాయి గనుక టాయిలెట్ కాగితాన్ని పక్కనున్న బుట్టలోనే వేయమని రాసి ఉంటుంది. దానిని తప్పక పాటించాలి.

ఐదవ దశ: కారు తీసుకోవాలా, బస్సులో వెళ్లాలా

ఉత్తర తీర పట్టణాల మధ్య బస్సులు తరచుగా, సమయానికి నడుస్తాయి. హానియా నుండి ఇరాక్లియో వరకు సుమారు 140 కిలోమీటర్లు, బస్సులో రెండున్నర గంటలకు పైగా పడుతుంది. సమరియా లోయకు, నాసోస్‌కు, వేసవిలో ఎలఫోనీసీకి కూడా బస్సులున్నాయి. కారు నడపనివారు యాత్ర మానుకోనక్కరలేదు, పల్లెలను కొన్ని తగ్గించుకుంటే చాలు. అడ్డదారుల్లో మీకు నచ్చిన చోట ఆగాలంటే మాత్రం కారు అవసరం.

మన డ్రైవింగ్ లైసెన్సుతో పాటు ఆర్టీఏ కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లాలి. దాని గడువు ఒక సంవత్సరం. అక్కడ రోడ్డుకు కుడివైపున నడపాలి. మొదటి రోజు పట్టణంలో కాక, విమానాశ్రయం దగ్గర ఖాళీ రోడ్డు మీద అరగంట అలవాటు చేసుకోండి. చిన్న కార్లు ఎక్కువగా చేతి గేర్లతోనే వస్తాయి. ఆటోమేటిక్ కావాలంటే నెలల ముందు బుక్ చేసుకోవాలి. ఉత్తర రహదారి మీద ఒక స్థానిక అలవాటును తెలుసుకోవాలి. నెమ్మదిగా వెళ్లేవారు రోడ్డు అంచున గీసిన గీత దాటి పక్కకు జరిగి, వెనుకవారికి దారి ఇస్తారు. మీరు మధ్యలోనే నడిపితే వెనుక వాహనం ప్రమాదకరంగా దాటడానికి ప్రయత్నిస్తుంది. పక్కకు జరిగేముందు ఆ అంచున ఆగిన వాహనం గాని, సైకిలు గాని ఉందేమో చూసుకోండి.

కారు ఒప్పందంలో బీమా వాక్యాలను చదవకుండా సంతకం పెట్టవద్దు. పూర్తి బీమా అని చెప్పినా టైర్లకు, కారు అడుగుభాగానికి, మట్టిరోడ్డు మీద జరిగిన నష్టానికి వర్తించని ఒప్పందాలు చాలా ఉంటాయి. నాకు కారు ఇచ్చిన చోట ఆ సంగతి నోటితో చెప్పలేదు, చిన్న అక్షరాల్లో ఉంది. ఒక మట్టిదారిలో రాయి తగిలి టైరు పగిలినప్పుడు దాని ఖర్చంతా నేనే భరించవలసి వచ్చింది. కారు తీసుకునేటప్పుడే చుట్టూ తిరిగి వీడియో తీసుకోండి. కొండ గ్రామాల్లో పెట్రోలు బంకులు తక్కువ, ఆదివారం మూసి ఉండవచ్చు గనుక సగం ట్యాంకు తగ్గకముందే నింపుకోవాలి. గ్రామంలోకి వెళ్లేటప్పుడు ఊరి మొదట్లోనే కారు ఆపి నడవండి. లోపలి సందులు గాడిదల కోసం వేసినవి, కారు మళ్లే చోటు ఉండదు. అత్యవసరమైతే 112 కు ఫోన్ చేయాలి.

ఆరవ దశ: చరిత్రను చూసే వరుస

క్రీట్ చరిత్ర అంతా ఒక్క నాసోస్‌లో లేదు. అయినా నాసోస్‌తోనే మొదలుపెట్టాలి. ఇరాక్లియో నడిబొడ్డు నుండి ఐదు కిలోమీటర్ల దూరం, సిటీ బస్సు వెళుతుంది. ఆన్‌లైన్‌లో సమయంతో కూడిన టికెట్ కొనుక్కుని, తలుపులు తెరిచే వేళకే అక్కడుండండి. పది గంటల తరువాత పర్యాటక బస్సులు రావడం మొదలైతే సింహాసనపు గది ముందు వరుస పెరిగిపోతుంది.

ఇక్కడ మొదట తవ్వినవాడు ఇరాక్లియో నివాసి మీనోస్ కలోకేరినోస్, 1878లో. పూర్తిస్థాయి తవ్వకాలను బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఎవాన్స్ 1900లో ప్రారంభించాడు. క్రీ.పూ. 1900 ప్రాంతంలో మొదటి ప్రాసాదం నిర్మించారు. అది క్రీ.పూ. 1700 ప్రాంతంలో నాశనమైన తరువాత దాని స్థానంలో మరింత పెద్దది కట్టారు. పురాణకథలోని మీనోస్ రాజు పేరు మీదుగానే ఈ ద్వీపపు ప్రాచీన నాగరికతకు మినోవన్ అనే పేరు స్థిరపడింది. మీరు చూసే ఎర్రని స్తంభాలు, పై అంతస్తులు చాలావరకు ఎవాన్స్ కాంక్రీటుతో తిరిగి కట్టించినవేనని తెలుసుకుని చూడాలి. ఆ పనిని పురావస్తు పండితులు నేటికీ తప్పుపడుతుంటారు. అయితే ప్రాసాదంలో వాడిన జిప్సం రాయి వానకు కరిగిపోయే గుణం కలది గనుక, దానికి ఏదో ఒక కప్పు వేయక తప్పని పరిస్థితి కూడా ఉండేది. పడమటి కొట్లలో మనిషెత్తు మట్టికుండలు వరుసగా నిలిచి ఉంటాయి. నూనె, ధాన్యం నిలవచేసిన ఆ కుండల చుట్టూ తాడు చుట్టినట్టు మట్టితోనే ఉబ్బెత్తు గీతలు ఉన్నాయి. మన పాత ఇళ్లలో ధాన్యపు కాగులు చూసి పెరిగినవారికి అవి ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు.

అదే రోజు మధ్యాహ్నం ఇరాక్లియో పురావస్తు మ్యూజియానికి వెళ్లండి. నాసోస్‌లో గోడల మీద ఉన్నవి నకళ్లు, అసలు కుడ్యచిత్రాల ముక్కలు ఇక్కడున్నాయి. కలువల రాకుమారుడు అని పిలిచే చిత్రం దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. కాస్త ఉబ్బెత్తుగా, పగుళ్లతో కనిపించేవి పురాతనమైన ముక్కలు. వాటి మధ్య నున్నగా ఉన్నదంతా ఆధునిక చిత్రకారులు పూరించింది. అసలు భాగం ఎంత తక్కువో కళ్లతో చూసినప్పుడు, ఆ ముక్కలన్నీ ఒకే బొమ్మవి కావేమోనన్న పండితుల అనుమానం ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. 1908లో దొరికిన ఫైస్తోస్ బిళ్ల కూడా ఇక్కడే ఉంది. సుమారు 16 సెంటీమీటర్ల వెడల్పున్న ఆ మట్టిబిళ్ల రెండు వైపులా 45 రకాల గుర్తులను ముద్రలతో సర్పిలంగా అచ్చొత్తారు. దాని అర్థం ఇంతవరకు ఎవరికీ అంతుపట్టలేదు. ఈ ద్వీపంలో దొరికిన పురాతన లిపులలో ఒకటైన లీనియర్ బిని 1952లో మైకేల్ వెంట్రిస్ చదవగలిగినా, దానికన్నా పాతదైన లీనియర్ ఎ నేటికీ మూగగానే ఉంది.

రెండవ రోజు దక్షిణానికి దాటండి. ఈ మార్గదర్శిలో ఒక్క దారినే ఎంచుకోమంటే నేను దీనినే ఎంచుకుంటాను. ఇరాక్లియో నుండి మెసారా మైదానంలోకి దిగితే సుమారు 45 కిలోమీటర్ల వద్ద ఆలివ్ చెట్ల మధ్య గోర్తిన్ శిథిలాలున్నాయి. రోమన్ల కాలంలో ఇది క్రీట్‌కే గాక ఆఫ్రికా తీరంలోని సిరెనైకాకు కూడా రాజధాని. ఇక్కడి గోడ మీద క్రీ.పూ. ఐదవ శతాబ్దపు చట్టాన్ని దాదాపు 600 పంక్తులలో చెక్కారు. మొదటి పంక్తి ఒక దిక్కుకు సాగితే, రెండవది దాని చివర నుండి వెనక్కు తిరిగి వస్తుంది. ఎద్దులు చేను దున్నుతూ చాలు చివర మళ్లినట్టు రాసిన రాత అది, గ్రీకు భాషలో దాని పేరుకు అర్థం కూడా అదే. వివాహం, వారసత్వం, దత్తత వంటి విషయాలు అందులో ఉన్నాయి. విడాకులు జరిగినప్పుడు భార్య తాను తెచ్చుకున్న ఆస్తిని, దాని ఫలసాయంలో సగాన్ని, తాను నేసిన బట్టలో సగాన్ని తీసుకుపోవచ్చునని రెండు వేల నాలుగు వందల ఏళ్ల కిందట రాతిమీద చెక్కి, అందరూ చూసే చోట నిలబెట్టారు.

గోర్తిన్ దాటాక పదిహేను కిలోమీటర్ల దూరంలో గుట్ట మీద ఫైస్తోస్ ప్రాసాదం ఉంది. ఇక్కడ కాంక్రీటు పునర్నిర్మాణం లేదు. విశాలమైన మెట్లు, రాతిపరుపు ముంగిలి, ఎదురుగా సిలోరీతిస్ పర్వతం మాత్రమే ఉన్నాయి. నాసోస్‌ను ముందు చూసి వచ్చినవారి మనసు ఇక్కడ ఖాళీలను తానే పూరించుకోగలుగుతుంది, అందుకే ఈ వరుసను మార్చవద్దంటున్నాను. అక్కడి నుండి పది కిలోమీటర్లు వెళితే మాతాలా తీరం. సముద్రానికి ఒరిగిన మెత్తని రాతికొండలో పురాతన కాలంలో తొలిచిన గుహలున్నాయి. 1960లలో దేశదేశాల యువకులు వచ్చి వాటిలో కాపురమున్నారు. సాయంత్రం ఆ గుహల ముందు ఈత కొట్టి తిరిగి వస్తే, ఒక్కరోజులోనే చరిత్ర, పొలాలు, సముద్రం మూడూ చూసినట్టవుతుంది.

క్రీట్ మీద ఇటలీ నగరరాజ్యమైన వెనిస్ పాలన 13వ శతాబ్దం నుండి 1669 వరకు సాగింది. నేటి ఇరాక్లియోను అప్పట్లో కాందియా అనేవారు. దానిని ఒట్టోమన్ తుర్కుల సైన్యం 1648 నుండి 21 ఏళ్ల పాటు ముట్టడించింది. ఆ కోటగోడల మీద నేటికీ నడవవచ్చు. గోడ బురుజులలో ఒకదాని మీద రచయిత నికోస్ కజాంజాకిస్ సమాధి ఉంది. రెతిమ్నో కోట, హానియా రేవు కూడా వెనిస్ వారివే, వాటిని చూడటానికి ప్రత్యేక ప్రణాళిక అక్కరలేదు, సాయంత్రపు నడకలే చాలు. రెతిమ్నోకు ఆగ్నేయంగా ఉన్న అర్కాదీ మఠానికి మాత్రం ప్రత్యేకంగా వెళ్లాలి. 1866 నవంబర్‌లో ఒట్టోమన్ సైన్యం చుట్టుముట్టినప్పుడు లోపల తలదాచుకున్నవారు లొంగిపోకుండా మందుగుండు గదికి నిప్పుపెట్టారు, వందలమంది స్త్రీలు, పిల్లలు మరణించారు. పైకప్పు లేని ఆ గది అలాగే ఉంది.

రెండవ ప్రపంచయుద్ధపు గుర్తులు పడమటి ప్రాంతంలో దారిపొడుగునా కనిపిస్తాయి. 1941 మే 20న జర్మన్ సైనికులు పారాచూట్లతో దిగారు. మాలెమెలో నాలుగు వేలకు పైగా జర్మన్ సమాధులు, సూదా అఖాతం ఒడ్డున సుమారు 1,500 బ్రిటిష్ కామన్‌వెల్త్ సైనికుల సమాధులు ఉన్నాయి. గ్రామస్థులు ఎదిరించినందుకు ప్రతీకారంగా కందానోస్ అనే ఊరిని 1941 జూన్‌లో నేలమట్టం చేశారు. పాలియోహోరా బీచ్‌కు వెళ్లే దారి ఆ ఊరి మధ్య నుండే పోతుంది. కారు ఆపి అక్కడి స్మారకం దగ్గర కాసేపు నిలబడి వెళ్లండి.

ఏడవ దశ: పల్లెసీమలో నడక

క్రీట్ పల్లె అంటే ముందుగా ఆలివ్ చెట్టు. హానియాకు పడమట ఆనో వూవెస్ గ్రామంలో కనీసం రెండు వేల ఏళ్ల వయసుంటుందని చెప్పే చెట్టు ఉంది. మన కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానులా ఊడలతో విస్తరించింది కాదు. మొదలు లావుగా మెలికలు తిరిగి, లోపల గుల్లబడి, మనిషి దూరేంత ఖాళీతో నిలబడి ఉంది. ఆ మోడు మీద నుండే కొత్త కొమ్మలు వచ్చి ఇప్పటికీ కాపు కాస్తున్నాయి. నవంబర్ నుండి జనవరి వరకు ఊరూరా చెట్ల కింద వలలు పరిచి కాయలు దులుపుతారు.

నడక కోసం వచ్చేవారిలో ఎక్కువమంది సమరియా లోయను ఎంచుకుంటారు. ఉదయం హానియా నుండి బస్సులో ఓమలోస్ చేరి, 1,200 మీటర్లకు పైగా ఎత్తు నుండి సముద్రమట్టం వరకు సుమారు 16 కిలోమీటర్లు దిగాలి. ఐదు నుండి ఏడు గంటలు పడుతుంది. 1962లో జాతీయ వనంగా ప్రకటించినప్పుడు లోపలి సమరియా గ్రామాన్ని ఖాళీ చేయించారు, ఆ ఇళ్లు దారిలో కనిపిస్తాయి. చివరి భాగంలో రెండు గోడల వంటి కొండలు మూడు నాలుగు మీటర్ల దూరానికి దగ్గరపడతాయి. మడమను గట్టిగా పట్టే బూట్లు వేసుకోవాలి. దారి అంతా దిగుడే గనుక మోకాళ్లే ముందు నొప్పి పుడతాయి. పడమటి కనుమల ట్రెక్కింగ్ అలవాటున్నవారు కూడా చేతికర్ర తీసుకెళ్లడం మంచిది. టికెట్‌ను పారేయకండి, లోపల ఎవరూ మిగిలిపోలేదని నిర్ధారించుకోవడానికి బయటికి వచ్చేచోట అడిగి చూస్తారు. వానపడినా, గాలి బలంగా ఉన్నా లోయను మూసివేస్తారు గనుక మీ ప్రణాళికలో దానికి మారుగా మరో రోజు ఉండాలి. దిగిన తరువాత చేరే ఆయియా రూమెలీకి రోడ్డు లేదు, సాయంత్రపు ఓడలో సూయియాకు గాని హోరా స్ఫకియోన్‌కు గాని వెళ్లి అక్కడ బస్సు ఎక్కాలి. ఓడ తప్పితే ఆ రాత్రి అక్కడే ఉండిపోవాలి. పిల్లలు, పెద్దవారు ఉన్న కుటుంబాలకు రెండు మూడు గంటల్లో ముగిసే ఇంబ్రోస్ లోయ మేలు.

నడక అక్కరలేనివారు రెతిమ్నో నుండి అమారి లోయలో ఒక రోజంతా తిరగవచ్చు. 1944 ఆగస్టులో జర్మన్లు తగలబెట్టిన ఊళ్లు ఇక్కడ అనేకం. తిరిగి కట్టుకున్న ఇళ్ల మధ్య రంగులు వెలిసిన కుడ్యచిత్రాలతో చిన్న చిన్న చర్చిలు మిగిలాయి. తూర్పున దిక్తీ కొండల నడుమ 840 మీటర్ల ఎత్తులో ఉన్న లాసితీ పీఠభూమి మరో మంచి చోటు. ఒకప్పుడు తెల్లని గుడ్డ రెక్కల గాలిమరలు వేలాదిగా తిరిగి పొలాలకు నీరు తోడేవి. ఇప్పుడు కొన్నే తిరుగుతున్నాయి, మిగతావాటి ఇనుప చట్రాలు పొలాల్లో నిలబడి ఉన్నాయి. మఠాలలోకి భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులతో వెళ్లాలి.

ఎనిమిదవ దశ: భోజనం, ముఖ్యంగా శాకాహారులకు

శాకాహారులైన తెలుగువారు ఇక్కడ పస్తులుండవలసిన పని లేదు. ఆర్థడాక్స్ క్రైస్తవులకు సంవత్సరంలో ఎన్నో ఉపవాస దినాలున్నాయి. ఆ రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు లేకుండా వండే వంటను నిస్తీసిమో అంటారు. ఆ మాట ఒక్కటి నేర్చుకుంటే భోజనశాలలో సగం పని తీరుతుంది. అయితే ఉపవాసంలో రొయ్యలు, ఆక్టోపస్ వంటివి వారికి నిషిద్ధం కాదు గనుక, ఇమే హోర్తోఫాగోస్, అంటే నేను శాకాహారిని అని కూడా చేర్చండి. లాదెరా అనే శీర్షిక కింద ఆలివ్ నూనెలో మగ్గించిన బెండకాయ, చిక్కుడు, వంకాయ వంటి కూరలుంటాయి. కూరిన టమాటాలు అడిగేటప్పుడు లోపల కీమా ఉందేమో కనుక్కోవాలి.

హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర, నూనె, నిమ్మరసం చల్లి ఇస్తారు. వేసవిలో వ్లీతా అడిగితే వచ్చేది మన తోటకూరే. సలాడ్‌లో పచ్చిగా వేసే గ్లిస్త్రీదా మన గంగవాయిలి కూర. పెసరపప్పుతో తప్ప తినని ఆ కూరను టమాటాలతో పచ్చిగా తిన్నప్పుడు దాని పులుపు నాకు కొత్తగా తెలిసింది. యవలతో కాల్చిన గట్టి రొట్టె మీద తురిమిన టమాటా, మెత్తని జున్ను, నూనె వేసి ఇచ్చేది దాకోస్. భోజనం ముగిశాక అడగకుండానే పండ్లతో పాటు చిన్న సీసాలో సారా తెచ్చి పెడతారు, దానికి డబ్బు తీసుకోరు. తాగనివారు గుండె మీద చేయి పెట్టి ఎఫ్‌హరిస్తో అని చెబితే ఎవరూ నొచ్చుకోరు. కారు నడిపేవారు తాగనే కూడదు.

తొమ్మిదవ దశ: సముద్రతీరాలు

తీరాన్ని ఎంచుకునే ముందు ఆ రోజు గాలి ఎటు వీస్తోందో చూడండి. ఉత్తరపు గాలి బలంగా ఉంటే దక్షిణ తీరానికి వెళ్లడం మేలు. అయినా లోయల నోళ్ల దగ్గర గాలి ఉరవడి ఎక్కువగా ఉంటుంది. ఎర్ర జెండా ఎగిరితే నీటిలో దిగకూడదు. మనలో చాలామందికి ఈత రాదు గనుక పిల్లలతో వెళ్లేవారికి ఎలఫోనీసీ అనువైనది. నీరు మోకాలి లోతున చాలా దూరం సాగుతుంది, ఎదుటి చిన్న దీవికి నడిచే వెళ్లవచ్చు. అక్కడి ఇసుకలోని గులాబీ ఛాయ సూక్ష్మమైన సముద్రజీవుల గవ్వల పొడి వల్ల ఏర్పడినది. గుప్పెడు ఇసుక కూడా తీసుకెళ్లకూడదు, దిబ్బల మీద నడవకూడదు. తొమ్మిది గంటలకు ముందే చేరితే ప్రశాంతంగా ఉంటుంది. వాయవ్య కొసన ఉన్న బాలోస్‌కు కిస్సామోస్ రేవు నుండి పడవలో వెళ్లండి. మట్టిదారిలో కారు తీసుకెళ్లడం గురించి నా టైరు సంగతి పైన చెప్పాను. ఈ రెండింటినీ ఒకే రోజున పెట్టుకోవద్దు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ప్రెవేలీ. రెతిమ్నో నుండి స్పీలీ మీదుగా వచ్చి, కూర్తాలియోతికో కనుమలో దిగితే, ఆ కనుమ నుండి వచ్చే ఏరు ఈతచెట్ల వనం మధ్యగా సముద్రంలో కలిసే చోటు అది. 2010లో ఆ వనం కాలిపోయింది, మొదళ్ల నుండి మళ్లీ చిగురించి ఎదిగింది. పైనున్న మఠంలోని సన్యాసులు 1941లో మిత్రరాజ్యాల సైనికులను దాచి, ఇదే తీరం నుండి ఈజిప్టు వైపు తప్పించారు. కొండ అంచున కారు ఆపి, మెట్లదారిన దిగాలి. ఎక్కేటప్పుడు ఎండ వీపు మీద కొడుతుంది గనుక నీళ్లు మిగుల్చుకోండి.

తూర్పుకు వెళ్లేవారు జాక్రోస్‌లో మృతుల లోయ అనే కనుమ వెంట నడిచి, మినోవన్ ప్రాసాద శిథిలాలు చూసి, దాని ఎదురుగానే సముద్రంలో దిగవచ్చు. నాసోస్, ఫైస్తోస్, జాక్రోస్ సహా ఆరు మినోవన్ స్థలాలను యునెస్కో 2025లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎలూందా దగ్గరి స్పినలోంగా దీవిలో 1903 నుండి 1957 వరకు కుష్ఠు రోగులను ఉంచారు. ప్లాకా నుండి పడవలో కొద్ది నిమిషాల్లో చేరవచ్చు. రెతిమ్నో, హానియా తీరాల ఇసుకలో వేసవిలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. చిన్న పంజరాల వంటి కంచెలు కనిపిస్తే వాటికి దూరంగా ఉండి, రాత్రివేళ టార్చిలైటు వేయకుండా నడవండి.

పదవ దశ: తిరుగు ప్రయాణం

చివరి రాత్రి విమానం ఎక్కే పట్టణంలోనే ఉండేలా చూసుకోండి. దక్షిణ తీరం నుండి అదే రోజు బయలుదేరితే కొండదారిలో ఏదైనా అడ్డుపడవచ్చు, గాలికి ఓడ ఆగిపోవచ్చు. కారును పగటి వెలుగులో అప్పగించి, అప్పగించినట్టు కాగితం తీసుకోండి. ఆలివ్ నూనె కొనేవారు ఊళ్లలోని మిల్లు దగ్గరే, కాపు తీసిన సంవత్సరం రాసి ఉన్న రేకు డబ్బాలో కొనండి. సీసా కన్నా డబ్బా ప్రయాణానికి నిలుస్తుంది, వెలుతురు తగలక నూనె రుచి కూడా చెడదు. దానిని చేతి సంచిలో విమానంలోకి రానివ్వరు గనుక, తువ్వాలులో చుట్టి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టి, పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టుకోవాలి.